మీ అయ్యగారికి సోమవారం సెలవు రాయించండి

ఇది ముఖ్యంగా సంఘ పెద్దల కోసం రాస్తున్నాను. నేను రాజోలు దగ్గర ఒక లూథరన్ సంఘానికి కోశాధికారిని. రిటైరయ్యే వరకు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. పాస్టరుగారు అలసిపోయారని మనకు కనిపిస్తూనే ఉంటుంది. "రెస్ట్ తీసుకోండి అయ్యగారూ" అంటాం, ఆ సాయంత్రమే గృహకూడికకు పిలుస్తాం. ఆయన కాదనలేరు. అందుకే ఆయన విశ్రాంతిని ఆయన మొహమాటానికి వదిలేయకండి. కమిటీ కూర్చుని తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో రాయాలి.

ముందుగా ఒక వారం పనంతా కాగితం మీద పెట్టండి. మా వైపు చాలాచోట్ల ఒక్క పాస్టరుగారే నాలుగైదు ఊళ్లు చూసుకుంటారు. ఆదివారం తెల్లవారగానే ఒక ఊళ్లో ఆరాధన, తొమ్మిదింటికి పెద్ద చర్చిలో, మధ్యాహ్నం లంక గ్రామంలో. వారం మధ్యలో స్త్రీల కూడిక, ఉపవాస ప్రార్థన, ఎవరైనా పోతే భూస్థాపన, ఆ తర్వాత ఆదరణ కూడిక. డిసెంబరు మొదలైతే కేరల్స్ నుంచి 31 రాత్రి ఆరాధన దాకా నిద్ర ఉండదు. గోదావరికి వరదొస్తే లంకల్లోంచి వచ్చినవాళ్లకు చర్చిలోనే పడక, భోజనం. ఇవన్నీ రాశాక, అభిషేకం పొందిన సేవకుడు తప్ప ఇంకెవరూ చేయలేనివి ఎన్ని ఉన్నాయో గుర్తుపెట్టండి. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం ఆయనవే. కరెంటు బిల్లు, మైకు రిపేరు, కేరల్స్ వ్యాను మాట్లాడటం మనవి. నిర్గమకాండం 18లో యిత్రో తన అల్లుడు మోషేకు చెప్పింది ఈ పని పంపకమే.

తీర్మానం ఇలా రాసుకోవచ్చు: "సోమవారం ఉదయం నుంచి మంగళవారం ఉదయం వరకు అయ్యగారికి సెలవు. ఏ అవసరమున్నా ఆ వారం వంతు పెద్దకు ఫోన్ చేయాలి. మరణం సంభవిస్తే తప్ప ఆయనను పిలవరాదు." దీన్ని ఆదివారం ప్రకటనల్లో ఒక పెద్ద లేచి చదవాలి. అయ్యగారి చేత చదివించకండి, తన సెలవు తానే అడుక్కున్నట్టు ఉంటుంది. ఆ రోజు ప్రేమగా పులస పులుసు తీసుకెళ్లినా గుమ్మంలోనే అమ్మగారి చేతికిచ్చి వచ్చేయండి.

సెలవు కంటే ఫోన్ సంగతి కష్టం. మన కోనసీమ నుంచి ఎంతోమంది ఆడపిల్లలు కువైట్‌లో ఇంటి పనికి వెళ్లారు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. వాళ్లకు పని తెమిలి రాత్రి పదింటికి ఫోన్ చేతికొస్తే, ఇక్కడ పన్నెండున్నర. "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అని ఏడుస్తారు. ఆ ఏడుపు విన్నాక ఆయనకు నిద్ర ఎలా పడుతుంది? తెల్లవారితే మళ్లీ ఆరాధన. ఆ పిల్లల్ని వదిలేయమని నేను అనను. రాత్రి పది దాటాక అయ్యగారి ఫోన్‌కు వచ్చే కాల్స్ పెద్దల్లో ఒకరికి వెళ్లేలా ఫార్వర్డ్ పెట్టించండి. మా సంఘంలో ఇద్దరు రిటైర్డ్ టీచరమ్మలు వంతులు వేసుకుని ఈ కాల్స్ తీసుకుంటున్నారు. వాళ్లూ ప్రార్థన చేస్తారు. జీతం ఇవ్వడం లేదనో, కొడుతున్నారనో చెబితే ఊరు, నంబరు రాసుకుని పొద్దున్నే ఆ ఇంటివాళ్లకు కబురు చేస్తారు. అయ్యగారికి ఆ పేర్లు ఉదయం టిఫిన్ అయ్యాకే చేరతాయి.

ఆయన గుండెలో మాట చెప్పుకోవడానికీ ఒక మనిషి కావాలి. ఆ మనిషి మన సంఘంలోవాడై ఉండకూడదు. మన ఇళ్ల గుట్లన్నీ మోస్తున్న మనిషి మన దగ్గర ఏం చెప్పుకుంటారు? సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నర్సాపురం. వేరే మిషన్ పాస్టరుగారైనా సరే, నెలకోసారి వెళ్లి కలిసి రమ్మని ఖర్చులకు డబ్బు సంఘం నుంచే ఇవ్వండి. 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి వచ్చి, ఆ నర్సాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసిన బౌడెన్, బీర్ కూడా ఒంటరిగా రాలేదు, రెండు కుటుంబాలుగా వచ్చారు.

ఇక నర్సుగా ఒక మాట. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇంట్లో చిన్నదానికీ విసుక్కోవడం, ఇష్టమైన పాట మీద కూడా ఆసక్తి పోవడం, ఇవి రెండు వారాలకు మించి రోజూ ఉంటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. థైరాయిడ్, షుగరు, బి12 పరీక్షలు కూడా చేయించమని అడగండి, వాటి తేడాల వల్లా మనిషి అలా నీరసించిపోవచ్చు. డిప్రెషన్‌కు మందులు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గిందనుకుని మధ్యలో మానేయనివ్వకండి. మనసు బాగోలేనప్పుడు సలహా అడగడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ నంబరు 14416, ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

"నేను లేకపోతేనే మేలు" లాంటి మాట ఆయన నోట వస్తే, "చనిపోవాలనిపిస్తోందా అయ్యగారూ?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆయన్ను ఒంటరిగా వదలకండి, పురుగుమందులు ఇంట్లోంచి తీసేయించండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇదంతా విశ్వాసం తక్కువై వచ్చిందని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దూత ఆయన్ను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే.

అమ్మగారిని మరిచిపోకండి. ఆమెకు జీతం లేదు, కానీ సండే స్కూలు నుంచి వంట దాకా అన్నీ ఆమె మీదే. ఏడాదికోసారి పిల్లలతో పుట్టింటికి వెళ్లి నిమ్మళంగా ఉండి రావడానికి చార్జీలు బడ్జెట్లోనే పెట్టండి. బదిలీ మీద కొత్త అయ్యగారు వస్తే, మొదటి కమిటీ మీటింగులోనే ఆ సోమవారం తీర్మానం చదివి, కొత్త కమిటీ చేత కూడా సంతకాలు పెట్టించండి.