పిచ్చుకలు గూడు పెట్టె వదిలేసి పోతుంటే

బాల్కనీలో పెట్టె తగిలిస్తే పిచ్చుకలు నాలుగు గడ్డిపరకలు తెచ్చి, ఆ తర్వాత అటు తొంగి చూడవు. ముందు కన్నం కొలిచి చూడండి. 32 మిల్లీమీటర్లు చాలు, పెద్దదైతే గోరింకలు దూరతాయి. కొత్త పెట్టె కొనక్కర్లేదు. చిన్న చెక్కముక్కకు ఆ కొలతలో కన్నం వేయించి, పాత కన్నం మీద రెండు స్క్రూలతో బిగిస్తే సరి. కన్నం కింద పుల్ల ఉంటే పీకేయండి. పిచ్చుకకు దాంతో పనిలేదు, కాకి కూర్చోడానికి తప్ప.

పెట్టెను ఎనిమిదడుగుల ఎత్తున, సజ్జా కింద, పడమటి ఎండ పడని గోడకు కదలకుండా బిగించాలి. దగ్గర్లో సీలింగ్ ఫ్యాన్ ఉంటే ఆ చోటు వద్దు. పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసేసి, లోపల మరిగే నీళ్లు పోసి, ఎండలో బాగా ఆరనివ్వండి. ఫినాయిల్ జోలికి పోవద్దు.

గుడ్లో పిల్లలో ఉన్నప్పుడు మాత్రం ఇవేవీ చేయకండి, మూత తీసి చూసినా తల్లి బెదిరి వదిలేయొచ్చు. ఇంకోటి, పిల్లలకు మేత ఎక్కువగా పురుగులే. చుట్టుపక్కల చెట్టూ చేమా లేకపోతే ఎన్ని గింజలు చల్లినా నిలవకపోవచ్చు.