నడక మొదలెట్టేవాళ్లకి: గంట వద్దు, పది నిమిషాలు పెట్టుకోండి

"రేపట్నుంచి రోజూ గంట నడుస్తా" అనుకున్నవాళ్లలో చాలామంది వారం తిరక్కుండానే మానేస్తారు. ఒంట్లో ఓపికున్న రోజున కూర్చుని గంట అని నిర్ణయించుకుంటారు మరి. నిద్ర చాలని రోజుకీ, చుట్టాలొచ్చిన రోజుకీ అది అతకదు. అలాంటి రోజున కూడా కుదిరేంతే పెట్టుకోండి: పది నిమిషాలు, కాలవ గట్టు మీద. ఎక్కువ నడిస్తే నడవండి, లెక్కకి మాత్రం పదే.

"పొద్దున్నే" అని వదిలేస్తే జారిపోతుంది. ఎలాగూ మానని పనికి ముడిపెట్టండి: "కాఫీ గ్లాసు కింద పెట్టగానే చెప్పులేసుకుంటాను." అప్పుడిక మనసుతో బేరాలుండవు. దాని కిందే ఇంకో వాక్యం రాసుకోండి: "గట్టు బురదగా ఉంటే డాబా మీద, వాన పడుతుంటే వసారాలో." కోనసీమలో జులై, ఆగస్టుల్లో ఈ రెండో వాక్యం లేకుండా మొదటిది నిలవదు.

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మకండి. లండన్‌లో 96 మందితో చేసి 2010లో అచ్చయిన పరిశోధనలో, అలవాటు పెరిగిన తీరు లెక్కకి సరిగ్గా అందినవాళ్లలో దాదాపు సగం మందికి 66 రోజుల లోపు, మిగతా సగం మందికి అంతకన్నా ఎక్కువ పట్టింది. మనిషిని బట్టి అంచనాలు 18 నుంచి 254 రోజుల దాకా ఉన్నాయి. ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ముంచేదల్లా "ఎలాగూ పోయింది, పండగయ్యాక చూద్దాం" అన్న మాటే. సంక్రాంతికి నాలుగు రోజులు ఆగిపోయిందా? ముక్కనుమ మర్నాడు గంట నడిచి బాకీ తీర్చకండి, పిక్కలు పట్టేసి మళ్లీ ఆగిపోతుంది. ఆ రోజూ పదే.