డిశ్చార్జ్ అయిన అమ్మానాన్నల్ని ఫోన్‌లోనే కనిపెట్టుకోవడం ఎలా?

విశాఖలో ఆ చివర గాజువాకలో నాన్న, ఈ చివర మధురవాడలో నేను. హార్ట్ ఫెయిల్యూర్‌తో (గుండె రక్తాన్ని సరిగ్గా పంప్ చేయలేక ఒంట్లో నీరు చేరే జబ్బు) ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాక రోజూ ఫోన్ చేసి "ఎలా ఉంది నాన్నా" అంటే "బాగానే ఉన్నానమ్మా" అనేవారు, నేనూ నమ్మేశాను. తొమ్మిదో రోజు రాత్రి ఆయాసంతో మళ్లీ అడ్మిట్ చేశాం. పాదాలు నాలుగు రోజుల నుంచీ వాచి ఉన్నాయని అమ్మ అప్పుడు చెప్పింది.

అందుకే "బాగున్నావా" అని అడగొద్దు. అంకెలు అడగండి, వీడియో కాల్‌లో చూపించమనండి.

అన్నిటికన్నా ముఖ్యం బరువు. ఉదయం లేచి బాత్రూంకి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, రోజూ అదే మిషన్ మీద చూసి క్యాలెండర్‌లో రాయాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగిందంటే అది ఒళ్లు చేయడం కాదు, నీరు చేరడం. ఆయాసం రాకముందే బరువు పెరగడం మొదలవుతుంది కాబట్టి డాక్టర్‌కి ఫోన్ చేయాల్సింది ఆ రోజే. డిశ్చార్జ్ నాటి బరువెంత, ఎంత పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఆస్పత్రిలో ఉండగానే అడిగి రాయించుకోండి. తర్వాత కాలి ఎముక మీద వేలితో నొక్కి చూపించమనండి, గుంట పడి అలాగే ఉంటే వాపే. రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారో కూడా అడగండి. ఒకటి కాస్తా మూడయితే, పడుకుంటే ఊపిరి ఆడటం లేదని అర్థం.

బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని మాట్లాడకుండా కూర్చోవాలి.

మందుల దగ్గరే ఎక్కువ పొరపాట్లు. ఇంట్లో ఉన్న పాత స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి వీడియోలో చూపించమనండి, డిశ్చార్జ్ సమ్మరీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉంటే రెండూ వేసేసుకుంటారు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో నీరు నిలిపేస్తాయి, డాక్టర్‌ని అడగకుండా వద్దు. వాంతులు, విరేచనాలు అవుతుంటే నీరు పోయే మాత్ర వేసుకోవాలో వద్దో ఫోన్ చేసి కనుక్కోండి.

తిండి విషయంలో కోప్పడితే దాచిపెట్టి తింటారు, నాన్న చేసిందదే. ఆవకాయ, అప్పడాలు, ఎండు నెత్తళ్లు, ఈ మూడింటిలోనే బోలెడు ఉప్పు. మన ఉక్కపోతకి గ్లాసుల కొద్దీ ఉప్పు మజ్జిగ తాగుతారు, అదీ లెక్కలోకే వస్తుంది. రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టర్ చెబితే, అన్నే ఒక సీసాలో పోసిపెట్టమనండి.

చూపించుకున్న డాక్టర్ దొరక్కపోతే ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో ఇంటి నుంచే ప్రభుత్వ డాక్టర్‌తో ఉచితంగా మాట్లాడొచ్చు. కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, పెదాలు నీలంగా మారడం, వీటిలో ఏది కనబడినా మాత్రం వీడియో కాల్ కాదు, వెంటనే 108. మీరు సిటీకి ఆ చివర ఉంటే బయల్దేరి వెళ్లేదాకా ఆగకండి, ఇంటి తాళం తీయగలిగే పక్కింటివాళ్ల నంబర్ ముందే తీసి ఉంచుకోండి.