ఇంట్లో ఆర్కిడ్లు, ఐదో పాఠం: పూలు రాలాక ముందు వేళ్లు చూడండి

పోయిన పాఠంలో పూకాడ ఎక్కడ కత్తిరించాలో చెప్పాను. ఆ తర్వాత మీ నుంచి వచ్చినవి దాదాపు రెండే ప్రశ్నలు. "కాడ కోశాను, ఇప్పుడు ఆకులు వేలాడిపోతున్నాయి" అని కొందరు. "డెండ్రోబియం ఆర్కిడ్‌లో ఆకుల్లేని కాడలన్నీ తీసేశాను, పర్లేదా" అని మరికొందరు. ఈసారి కుండీ మార్చడం నేర్చుకోవాలి. కానీ ఈ రెండూ తేలకుండా అటు వెళ్తే ఇంకో తప్పు దాని మీద చేరుతుంది. కాబట్టి కుండీ సంగతి వచ్చే పాఠానికి.

డెండ్రోబియం ముందు. చెరకు గడలా నిలబడిన ఆ లావు కాడలు పూకాడలు కావు, అవి మొక్క కాండాలు. నీళ్లు, ఆహారం వాటిలోనే దాచుకుంటుంది. ఆకులు రాలిన పాత కాండం మీదే పూసే రకాలు కూడా ఉన్నాయి. పూలు రాలిన చోటు నుంచి వేలితో వెనక్కి వెళ్లండి. సన్నటి కాడ లావు కాండానికి అతుక్కున్న చోట ఆగండి. కోయాల్సింది అక్కడే. డెండ్రోబియంలోనే నోబిలే అనే రకాల్లో పూలు కణుపుల దగ్గర నేరుగా వస్తాయి కనుక కత్తెర అవసరమే లేదు, వాడిన పూలు గిల్లేస్తే చాలు. కాండం పూర్తిగా గోధుమరంగుకి తిరిగి, నొక్కితే డొల్లగా ఉంటేనే తీయండి. కాట్లియా, ఆన్సిడియం అనే ఆర్కిడ్లలో అడుగున ఉబ్బి ఉండే కాండాలకీ ఇదే మాట.

ఇప్పటికే కోసేసిన వాళ్లు మిగిలిన కాండాలను అలాగే ఉంచండి. అడుగు నుంచి కొత్త మొలక వస్తే దాన్ని కంటికి రెప్పలా చూసుకోండి. ఇక మీదట పూలు ఎక్కువగా ఇవ్వాల్సింది అదే.

ఇక ఫాలెనాప్సిస్, అంటే సీతాకోకచిలుకల్లాంటి పూలు పూసే ఆర్కిడ్. ఒక విషయం గట్టిగా చెప్తాను: పూకాడ కోసినందువల్ల ఆకులు వాడవు. ఆకులు వాడటానికి కారణం చాలాసార్లు పూలు ఉన్నప్పుడే కుండీలో మొదలై ఉంటుంది. పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి. ఆ రోజుల్లో మొక్క అందమైన పై కుండీలో కూర్చుంటుంది, కింద నీళ్లు నిలుస్తాయి, వేళ్లు మెల్లగా కుళ్లుతాయి. పైన పూలు బాగానే ఉన్నాయి కనుక ఎవరూ లోపలికి చూడరు. పూలు రాలాక గానీ మన చూపు ఆకుల మీద పడదు.

నాకు బాగా బాధ కలిగించేది ఆ తర్వాత జరిగే పని. ఆకు మెత్తబడగానే దాహం అనుకుని ఇంకో చెంబు నీళ్లు పోస్తారు. ఆకు మెత్తబడిందంటే దానికి నీరు అందడం లేదని మాత్రమే అర్థం. కుండీలో నీళ్లు లేకపోయినా అందదు, నీళ్లున్నా తాగే వేళ్లు లేకపోయినా అందదు. రెండింటిలోనూ ఆకు ఒకేలా కనిపిస్తుంది, అదే ముడత, అదే వాలడం. ఆకును చూసి ఏదో తేల్చడం నాకూ చేతకాదు, ఎవరికీ చేతకాదు. వేళ్లు చూడాల్సిందే.

ఆర్కిడ్ వేరు పైన స్పాంజి లాంటి పొర ఉంటుంది. దాన్ని వెలామెన్ అంటారు. ఎండినప్పుడు ఆ పొర గాలితో నిండి వెండి రంగులో కనిపిస్తుంది. తడిస్తే పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. వెండి రంగు అంటే ఎండింది, పచ్చ రంగు అంటే ఇంకా తడి ఉంది. వెలుతురు తగలని లోపలి వేళ్లు లేత పసుపుగా, మట్టి రంగుగా ఉండొచ్చు. వాటిని రంగు చూసి కోయకండి, నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉన్నాయి. మెత్తగా నలిగి, పై పొర ఊడి వచ్చి, లోపల దారం ఒక్కటే మిగిలితే అది కుళ్లిన వేరు.

కుండీ తేలిగ్గా ఉంది, వేళ్లన్నీ వెండి రంగు, ఆకులు మెత్తగా ఉన్నాయి: ఇది నిజమైన దాహం. పావుగంట కుండీని నీళ్లలో ముంచి, పూర్తిగా ఓడ్చండి. కుండీ బరువుగా ఉంది, ఆకులు మెత్తగా ఉన్నాయి: ఒక్క చుక్క కూడా వద్దు. మొక్కను బయటికి తీసి, కుళ్లిన వేళ్లు కోసి, మిగిలిన వేళ్లు ఇరుగ్గా పట్టేంత చిన్న కుండీలో కొత్త బెరడు ముక్కలతో పెట్టండి. పెద్ద కుండీ పెడితే తడి ఆరదు, మళ్లీ అదే కథ. పై వేళ్లు వెండి, అడుగు వేళ్లు పచ్చ: నీళ్లు పోయకుండా ఆగండి. నాచులో నాటిన మొక్క: పైన గరగరలాడుతున్నా నమ్మొద్దు, మధ్యలో తడి ముద్ద ఉంటుంది. సన్నటి పొడి పుల్ల గుచ్చి కాసేపు ఉంచి తీయండి, చల్లగా తగిలితే తడి ఉన్నట్టే.

ముడతపడిన పాత ఆకు మళ్లీ నున్నగా అవుతుందని ఎదురుచూడకండి, చాలాసార్లు కాదు. కొత్త ఆకు, పచ్చటి కొనతో పెరుగుతున్న వేరు కనిపిస్తే మొక్క కోలుకున్నట్టు. కుండీ బయటికి వచ్చిన గాలి వేళ్లను కోయకండి, లోపలికి కుక్కకండి.

ఫాలెనాప్సిస్ కాడ ఎక్కడ కోయాలన్నది ఇప్పుడు మీరే చెప్పగలరు. వేళ్లు బాగుండి, కాడ ఇంకా పచ్చగా ఉంటే, అడుగు నుంచి రెండో మూడో కణుపు పైన కోస్తే పక్క కొమ్మ వచ్చి మళ్లీ పూయొచ్చు. వేళ్లు సరిగా లేకపోతే మొదలంటా కోయండి. నేనైతే నాలుగు ఆకులైనా లేని మొక్కకు కాడ పచ్చగా ఉన్నా మొదలంటా కోస్తాను. ఆ బలం ఆకులకీ వేళ్లకీ పోవడమే నాకు ఇష్టం. ఒక మొక్క కోశాక బ్లేడును మంటలో కాల్చకుండా ఇంకో మొక్క ముట్టుకోకండి. ఆర్కిడ్లకు సోకే సింబీడియం మొజాయిక్ వైరస్ మొక్క రసంతో పాటే పాకుతుంది, దానికి మందు లేదు.

ఎరువు డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతు, వారానికోసారి, తడి వేళ్లకే. నెలకోసారి ఉత్త నీళ్లు ధారాళంగా పోసి పేరుకున్న ఎరువు ఉప్పులు కడిగేయండి. నీళ్లు పొద్దున పోయండి, ఆకుల నడిమి గుంటలో నిలిస్తే టిష్యూతో అద్దేయండి. ఆకు ముదురు పచ్చగా మారిందంటే వెలుతురు చాలడం లేదు, లేత పచ్చ సరైన రంగు. కొత్త ఆకు పూర్తిగా విచ్చాక, కొన్ని వారాలు రాత్రిళ్లు 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం దొరికితే పూకాడ వస్తుంది. రాత్రీ పగలూ 28 డిగ్రీలు దాటిన వేడిలోనే ఉంటే చాలా రకాలు కాడ వేయవు, ఆకులే వేస్తాయి.

సాధన: మూడు వారాలు, రోజూ పొద్దున. ముందు కుండీ ఎత్తి, చూడకుండా, లోపల తడి ఉందో లేదో నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత వేళ్ల రంగు చూసి రాయండి. ఆ తర్వాతే పుల్ల గుచ్చండి. మూడూ కలిసి ఎండిందని చెప్పిన రోజే నీళ్లు. ఒకటికి మించి మొక్కలుంటే ప్రతిదానికీ వేరే పేజీ పెట్టుకోండి, పక్కపక్కనే ఉన్నా అవి ఒకే రోజు ఎండవు. మూడో వారంలో కుండీ ఎత్తి చెప్పిన జవాబు వరుసగా ఐదు రోజులు పుల్లతో సరిపోవాలి. సరిపోకపోతే కుండీ మార్చే పాఠం మొదలుపెట్టకండి, ఇంకో వారం ఇదే చేయండి.