చెరువు లెక్కల తగాదాలో ఫోను సాక్ష్యం: భద్రపరచడం, కోర్టుకు తేవడం, ఎదుటివారి పత్రాలు రాబట్టడం

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు ప్రాంతాల్లో రొయ్యల అమ్మకానికి చాలామటుకు కాగితం మీద ఒప్పందం ఉండదు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క), కిలో ధర వాట్సాప్‌లో కుదురుతాయి. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజు గట్టు మీద కాటా వేసి చీటీ రాస్తారు. సొమ్ము కొంత బ్యాంకు ఖాతాకు, కొంత ఫోన్‌పేకు వచ్చి, మిగిలింది ‘వచ్చే వారం’ అన్న మాట మీద ఆగుతుంది. ఆ బాకీ కోసం దావా వేయవలసి వచ్చినప్పుడు రైతు చేతిలో ఉండే అసలు పద్దు పుస్తకం ఫోనే.

కాబట్టి తగాదా వాసన తగిలిన రోజే ఆ ఫోనును అమ్మడం, మార్చడం, రీసెట్ చేయడం మానుకోవాలి. వాట్సాప్‌లో సందేశాలు 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు ఉంది; అవతలివారు దానిని ఆన్ చేసి ఉంచారేమో చూసి, ఉంటే వెంటనే ఆపివేయాలి. ఒక కక్షిదారు చెరువులో పడిన ఫోనును మరమ్మతుకిచ్చి, అంతా చెరిపేసి బాగుచేసిన ఫోనుతో సంతోషంగా నా దగ్గరకు వచ్చారు. ఆయనకు రావలసిన బాకీకి ఆధారం ఆ చెరిపేసినదానిలోనే ఉంది.

చాలామంది తమకు అనుకూలమైన నాలుగు మాటలను స్క్రీన్‌షాట్ తీసి తెస్తారు. అది చాలదు. పైన కనిపించే పేరు మనం సేవ్ చేసుకున్న పేరే. ‘రొయ్యల బాబాయి’ అని ఉంటే ఆ బాబాయి ఎవరో న్యాయమూర్తికి తెలియదు. అందువల్ల ఆ కాంటాక్టు వివరాలు తెరిచి నంబరు కనిపించేలా ఒక చిత్రం తీసుకోవాలి, సంభాషణను మొదటి నుంచి చివరి దాకా, మనకు ప్రతికూలమైన మాటలతో సహా, ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. మధ్యలో ముక్క తీసేస్తే, పూర్తి సంభాషణ ఎదుటివారి ఫోనులో ఉంటుందని మరచిపోకూడదు. కాటా చీటీ ఫోటోను మామూలుగా వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గి, తీసిన తేదీ వంటి అంతర్గత వివరాలు పోతాయి. వకీలుకు పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపి, అసలు ఫైలును గ్యాలరీలోనే ఉంచాలి. వాయిస్ సందేశాలకు శబ్దపు ఫైలుతో పాటు, ఎవరు ఏ తేదీన ఏమన్నారో అదే యాసలో రాసిన ప్రతి కావాలి. ఐసు ఫ్యాక్టరీలోనో మేత దుకాణంలోనో ఉన్న సీసీ కెమెరా రికార్డింగు పాతది చెరిగి కొత్తది పడుతూ ఉంటుంది గనుక, దానిని చెరపవద్దని యజమానికి ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా తెలియజేయాలి.

2024 జూలై 1 నుంచి 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చింది. అప్పటికే నడుస్తున్న కేసులకు పాత చట్టమే, ఎలక్ట్రానిక్ రికార్డులకు సంబంధించిన అందులోని 65బీ సెక్షనే వర్తిస్తుంది. కొత్త చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని దాఖలు చేసేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. అందులో మొదటి భాగాన్ని ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండవ భాగాన్ని నిపుణుడు నింపుతారు. ఫోను తయారీ, మోడల్, ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య; *#06# నొక్కితే కనిపిస్తుంది), ఫైలు హ్యాష్ విలువ అందులో రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర వంటిది: ఎస్‌హెచ్‌ఏ 256 పద్ధతిలో 64 అక్షరాలుగా వస్తుంది, ఫైలులో ఒక్క చుక్క మారినా మొత్తం మారిపోతుంది. అందుకే హ్యాష్ తీసిన తరువాత ఆ ఫైలులో ఏదీ మార్చి సేవ్ చేయకూడదు. ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో పాత చట్టం కింద స్పష్టం చేసింది; అయితే ఫోను యజమాని స్వయంగా బోనులోకి వచ్చి అసలు ఫోనునే చూపితే అది అవసరం లేదని, ఇవ్వవలసినవారు నిరాకరిస్తే కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చని అదే తీర్పు చెప్పింది.

ఇక ఎదుటివారి లెక్కలు. కొనుగోలుదారు దగ్గర లెడ్జరు, కాటా పుస్తకం, వ్యాను రవాణా రికార్డులు ఉంటాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డరు 12వ రూలు కింద దరఖాస్తు వేస్తే, తన అధీనంలో ఉన్న సంబంధిత పత్రాలన్నిటినీ అఫిడవిట్‌లో వెల్లడించమని కోర్టు ఆయనను ఆదేశించవచ్చు. ఆయన జవాబు దావాలో ప్రస్తావించిన పత్రాన్ని 15వ రూలు కింద నోటీసిచ్చి పరిశీలించవచ్చు. ఆదేశాన్ని పాటించకపోతే 21వ రూలు ప్రకారం వాది అయితే దావా కొట్టివేతకు, ప్రతివాది అయితే ప్రతివాదాన్ని తొలగించడానికి అవకాశముంది. అయితే ‘అన్ని లెక్కలూ ఇప్పించండి’ అని అడిగితే ఏదో ఒకటి దొరక్కపోతుందా అని చేపల వేటకు వచ్చారని ఎదుటి వకీలు అభ్యంతరం చెబుతారు. ఫలానా పట్టుబడి, ఫలానా తేదీల మధ్య లెడ్జరు పేజీలు అని అడగాలి.

మన పత్రాలను మాత్రం దావాతోనే దాఖలు చేయాలి. తరువాత తెస్తే 7వ ఆర్డరు 14వ రూలు ప్రకారం కోర్టు అనుమతి కావాలి. సాక్ష్యంలో పత్రాలకు కోర్టు గుర్తు నంబర్లు వేసే మార్కింగు రోజున ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైళ్లున్న పెన్‌డ్రైవ్, ధ్రువపత్రం, చార్జింగు పెట్టిన అసలు ఫోను మూడూ వెంట ఉండాలి.