జెనోవాలో ఒక్క రోజే ఉంటే ఏం చూడాలి, ఏం వదిలేయాలి

ఇటలీ అనగానే మనవాళ్ళ ప్లాన్‌లో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, కుదిరితే పీసాలో ఆ ఒరిగిన గోపురం పక్కన ఒక ఫొటో, అంతే. జెనోవా పేరు రాదు. వచ్చినా రైలు మారే స్టేషన్‌గానే వస్తుంది. మిలాన్ నుంచి రైల్లో సుమారు రెండు గంటల్లోపే, పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేయొచ్చు, కాబట్టి మిలాన్‌లో చదువుకుంటున్న పిల్లలకీ, వాళ్ళని చూడ్డానికి ఊర్నుంచి వచ్చిన అమ్మానాన్నలకీ, క్రూయిజ్ షిప్ దిగి సాయంత్రానికల్లా మళ్ళీ ఎక్కాల్సినవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నా.

ఈ ఊరు కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. పక్కలకి పెరిగే చోటు లేక పైపైకి పెరిగింది. అందుకే మ్యాప్‌లో ఐదు నిమిషాల నడక అని చూపించింది కాస్తా అక్కడికెళ్ళాక నూటయాభై మెట్లుగా తేలుతుంది. పొద్దున కింద సందులు, మధ్యాహ్నానికి లిఫ్టులో పైకి, తర్వాత రేవు, సాయంత్రం సముద్రపు ఒడ్డు, ఈ వరసలో పెట్టుకుంటే కాళ్ళు నిలుస్తాయి. అటూ ఇటూ గంతులేస్తే మూడింటికల్లా ఓపిక అయిపోతుంది.

దిగాల్సిన స్టేషన్ పియాజ్జా ప్రిన్చిపె. ఊళ్ళో రెండు పెద్ద స్టేషన్లున్నాయి, రెండోది బ్రిన్యోలే, అది తూర్పు వైపు. పాత ఊరికీ, క్రూయిజ్ ఓడలు ఆగే చోటుకీ ప్రిన్చిపె దగ్గర. రీజనల్ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మెషిన్‌లో ముద్ర కొట్టించడం మర్చిపోవద్దు, టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. సూట్‌కేసులుంటే దాచుకునే చోటు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, ఆ సందుల్లో చక్రాల పెట్టె లాగడం అంత నరకం ఇంకోటి లేదు. సోమవారం మాత్రం వెళ్ళకండి, ముఖ్యమైన మ్యూజియంలు మూసి ఉంటాయి.

స్టేషన్ బయట కొలంబస్ విగ్రహం ఉంటుంది. ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే. పాత కోటగుమ్మం పోర్తా సోప్రానా పక్కన "కొలంబస్ ఇల్లు" అని కూడా ఒకటి చూపిస్తారు, కానీ అది 1684లో ఫ్రెంచి నౌకాదళం ఊరి మీద గుళ్ళ వర్షం కురిపించినప్పుడు పోయింది, ఇప్పుడున్నది తర్వాత మళ్ళీ కట్టినది. కోటగుమ్మాన్ని చూడండి, పన్నెండో శతాబ్దం నాటిది, బాగుంటుంది. ఇంటికి టికెట్ కొనక్కర్లేదు.

ముందు టిఫిన్ సంగతి. ఏదో ఒక బేకరీలోకి వెళ్ళి ఫొకాచ్చా అనే రొట్టె అడగండి, తూకం లెక్కన కోసి కాగితంలో చుట్టి ఇస్తారు. వేలి గుంటల్లో ఆలివ్ నూనె నిలిచి, పైన ఉప్పు రాళ్ళు మెరుస్తూ ఉంటుంది. దీన్ని ఇక్కడివాళ్ళు పొద్దున్నే కపుచ్చీనోలో ముంచుకుని తింటారు. వినడానికి ఎలాగో ఉంటుంది గానీ ఒకసారి చేసి చూడండి, ఉప్పుబిస్కెట్టు టీలో ముంచుకునే అలవాటున్న మనకి ఇందులో వింతేమీ ఉండదు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే చాలాచోట్ల ఇంకో రేటు.

ఇక సందులు. వీటిని ఇక్కడ కరుజ్జీ అంటారు. యూరప్‌లో మిగిలిన మధ్యయుగపు ఊళ్ళలో పెద్దవాటిల్లో ఇదొకటి, ఐదారంతస్తుల ఇళ్ళ మధ్య కొన్నిచోట్ల చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. జూలైలో కూడా ఎండ కింద దాకా దిగదు, వేసవిలో అదే వరం. గోడమూలల్లో మేరీమాత బొమ్మలున్న చిన్న గూళ్ళు కనిపిస్తూ ఉంటాయి, తలెత్తి నడవండి. ఫోన్‌లో మ్యాప్ ఇక్కడ పిచ్చెక్కినట్టు తిరుగుతుంది, దాన్ని జేబులో పెట్టేసి ఒక్కటే గుర్తుపెట్టుకోండి, పల్లం ఎటుంటే రేవు అటు. దారి తప్పినా పది నిమిషాల్లో నీళ్ళ దగ్గర తేలతారు. వియా ప్రే, మద్దలేనా చుట్టుపక్కల కొన్ని సందులు చీకటి పడ్డాక అంత బాగోవు, పగలు పర్వాలేదు, పర్సు ముందు జేబులో ఉంచుకుంటే చాలు, పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు.

సందుల మధ్యలో సాన్ లొరెంజో చర్చి. నలుపు తెలుపు చారల రాతితో కట్టారు. ఈ చారలు ఊళ్ళో ఇంకా కొన్నిచోట్లే కనిపిస్తాయి, దగ్గర్లోనే ఉన్న సాన్ మత్తేయో అనే బుల్లి కూడలిలో దోరియా కుటుంబంవాళ్ళ ఇళ్ళకీ వాళ్ళ చర్చికీ ఇవే చారలు, ఆ కూడలి తప్పకుండా చూడండి, పెద్ద చర్చి కంటే నాకు అదే నచ్చుతుంది. సాన్ లొరెంజో లోపల కుడివైపు ఒక పెద్ద ఫిరంగి గుండు పెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరిని కొట్టినప్పుడు అది పైకప్పు చీల్చుకుని లోపల పడి, పేలకుండా ఉండిపోయింది. లోపలికి వెళ్ళాలంటే భుజాలూ మోకాళ్ళూ కప్పుకునే బట్టలుండాలి.

అక్కణ్ణుంచి వియా గరిబాల్డి. దీని అసలు పేరు స్ట్రాదా నువోవా, అంటే కొత్త వీధి, కానీ ఈ కొత్త వీధి వేసింది 1550ల్లో. స్పెయిన్ రాజులకి అప్పులిచ్చి బాగుపడ్డ జెనోవా షావుకార్లు ఆ ఇరుకు సందుల్లో ఉండలేక వరసగా మేడలు కట్టుకున్న వీధి ఇది. దీని వెనక భలే ఏర్పాటొకటి ఉంది. జెనోవా అప్పట్లో గణతంత్రం, రాజు లేడు కాబట్టి రాజభవనమూ లేదు. మరి బయటి రాజులూ, కార్డినల్సూ, రాయబారులూ వస్తే ఎక్కడ దింపాలి? 1576లో ప్రభుత్వం ఊళ్ళోని మంచి మేడలన్నిటికీ జాబితా తయారుచేసి, అతిథి హోదాని బట్టి ఆ తరగతి మేడల్లోంచి చీటీ తీసేది. ఎవరి పేరు వస్తే వాళ్ళు సొంత ఖర్చుతో మర్యాదలు చెయ్యాల్సిందే. ఆ జాబితాల పేరే రొల్లి. అలాంటి మేడల్లో 42 ఇప్పుడు యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి, 2006 నుంచి. ఏటా వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి రొల్లి డేస్ అని మామూలుగా తెరవని మేడలు కూడా తెరుస్తారు, మీ తేదీలు కాస్త అటూ ఇటూ జరపగలిగితే దానికి కలిసేలా చూసుకోండి.

మామూలు రోజుల్లో ఆ వీధిలో రొస్సో, బియాంకో, తుర్సి అనే మూడు మేడలు మ్యూజియంలు, మూడింటికీ కలిపి ఒకే టికెట్. మూడూ పూర్తిగా చూడాలంటే పూట పోతుంది. రొస్సోలో చిత్రకారుడు వాన్ డైక్ గీసిన ఇంటివాళ్ళ బొమ్మలు చూసి, డాబా మీదికి ఎక్కి పలకరాయి కప్పుల సముద్రాన్ని చూసి దిగిపోండి. సంగీతం మీద ఇష్టముంటే తుర్సిలో వయొలిన్ విద్వాంసుడు పాగనీనీ వాయించిన వయొలిన్ ఉంది, 1743లో గ్వార్నేరి చేసినది, ఆ మోతకి పాగనీనీయే దానికి ఫిరంగి అని పేరు పెట్టాడు. ఆయనదీ ఈ ఊరే.

వీధి తూర్పు కొసన పియాజ్జా పొర్తెల్లో దగ్గర ఒక సొరంగంలోకి నడిస్తే కాస్తెల్లెత్తో లిఫ్టు వస్తుంది. ఇది ఊరి సిటీ బస్సుల సంస్థ నడిపే లిఫ్టు, వందేళ్ళు దాటింది, జనం కూరగాయల సంచులతో ఎక్కుతుంటారు. పైన దిగగానే ఊరు మొత్తం కాళ్ళ కింద ఉంటుంది, పొద్దున్నుంచీ మీరు తిరిగిన సందులు అసలు కనబడవు, కప్పులూ గంటగోపురాలూ వాటి వెనక క్రేన్లూ ఓడలూ కనిపిస్తాయి. కుడివైపు దూరంగా పొడుగ్గా నిలబడింది లాంటెర్నా, ఊరి లైట్‌హౌస్, ఇప్పుడున్న రూపంలో 1543 నాటిది, ఇప్పటికీ వెలుగుతోంది. దాని దాకా వెళ్ళి ఎక్కడం ఒక్క రోజులో కుదరదు, ఇక్కణ్ణుంచి చూస్తే సరిపోతుంది. రోజు మొత్తంలో ఒక్కటే చెయ్యగలం అంటే ఈ లిఫ్టు ఎక్కండి అంటాను.

భోజనానికి ఒంటిగంటకల్లా కూర్చోవాలి, రెండున్నర దాటితే చాలాచోట్ల వంటగది మూసేస్తారు. శాకాహారులకి ఇటలీలో ఇంత సుఖమైన ఊరు తక్కువ. పెస్తో పుట్టింది ఇక్కడే, తులసి జాతి ఆకు బేసిల్, పైన్ గింజలు, వెల్లుల్లి, చీజ్, ఆలివ్ నూనె కలిపి రోట్లో నూరే పచ్చడి అది. త్రోఫియె అనే మెలికల పాస్తాలో బంగాళదుంప, బీన్స్ వేసి దీంతో కలిపి ఇస్తారు. పాన్సోతి అని ఆకుకూర కూరిన పాస్తా ఉంటుంది, దానికి వాల్‌నట్ సాస్. చీజ్ విషయంలో పట్టింపున్నవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి, పెస్తోలో వేసే పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే ఫరినాతా ఉంది. శెనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, పైన కరకర, లోపల మెత్తన, మిరియాలపొడి చల్లుకుని తినాలి. పచ్చిమిర్చి ఆశించకండి. అనుమానం ఉంటే "సెన్జా కార్నె, సెన్జా పెషె" అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. చేప తినేవాళ్ళయితే రేవుకెదురుగా ఉన్న సొత్తోరీపా కమానుల కింద కాగితం పొట్లాల్లో వేయించి ఇచ్చే చిన్న చేపలు వదలకండి. బిల్లులో కొపెర్తో అని మనిషికి కొంత కలుపుతారు, మోసం కాదు, కుర్చీకీ బ్రెడ్డుకీ రేటు అనుకోండి.

సొత్తోరీపా దాటి రేవు వైపు వస్తే ముందు ఒక ఫ్లైఓవర్ అడ్డొస్తుంది, 1960ల్లో ఊరికీ సముద్రానికీ మధ్య నిలువునా వేసేశారు, ఎంత తిట్టుకున్నా తక్కువే. దాని పక్కనే గోడలనిండా రంగుల బొమ్మలతో ఉన్న మేడ పలాజ్జో సాన్ జోర్జో. తెలుగువాళ్ళు ఇక్కడ కాసేపు ఆగాలి. 1260లో కట్టిన ఈ భవనంలోనే మార్కో పోలోని ఖైదు చేశారని ఊళ్ళో చెప్పుకుంటారు. వెనిస్‌తో యుద్ధంలో అతను జెనోవావాళ్ళకి చిక్కాడు, 1298లో జైల్లో కూర్చుని తోటి ఖైదీ, పీసావాడైన రుస్తికెల్లోకి తన ప్రయాణాలన్నీ చెప్పి రాయించాడు. ఆ పుస్తకంలో ముత్ఫిలి అనే రాజ్యం వస్తుంది, అంటే మన చీరాల దగ్గరి మోటుపల్లి. అక్కడ ఒక రాణి నలభై ఏళ్ళు న్యాయంగా పాలించిందనీ, వజ్రాలు దొరుకుతాయనీ, సాలెగూడంత పల్చటి బట్ట నేస్తారనీ రాయించాడు. ఆ రాణి రుద్రమదేవి. రాజు చనిపోయాక భార్య పాలించిందని అతను అనుకున్నాడు గానీ ఆమె గణపతిదేవుడి కూతురు. పుస్తకం మొదలయ్యేసరికి ఆమె లేదు కూడా, 1289లోనే పోయిందని చందుపట్ల శాసనాన్ని బట్టి తెలుస్తోంది. అదే గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో శాసనం వేయించాడు, తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇకమీద రాజు లాక్కోడు, మామూలు సుంకం కడితే చాలు అని. ఇవన్నీ తెలిసి ఆ గోడల ముందు నిలబడితే వేరుగా ఉంటుంది. వరంగల్లు, మోటుపల్లి చూసినవాళ్ళకి ఇంకానూ.

పాత రేవుని 1992లో, కొలంబస్ ప్రయాణానికి 500 ఏళ్ళయిన సందర్భంగా, ఈ ఊరివాడే అయిన ఆర్కిటెక్ట్ రెంజో పియానో తిరిగి తీర్చిదిద్దాడు. అప్పుడు కట్టిన అక్వేరియం ముందు ఎప్పుడూ పెద్ద క్యూ. చిన్నపిల్లలుంటే వెళ్ళండి, లేకపోతే వదిలేయండి, టికెట్ ఖరీదెక్కువ, సగం పూట మింగేస్తుంది. దాని బదులు గలాటా సముద్ర మ్యూజియం మేలు. జెనోవా నుంచి అమెరికాలకి బతుకుతెరువు కోసం పోయిన ఇటలీ పేదల ఓడ ప్రయాణం అందులో కళ్ళకి కట్టినట్టు చూపిస్తారు. విదేశాల్లో కొడుకో కూతురో ఉన్న ఇంటివాళ్ళని ఆ గదులు ఊరికే వదలవు. బయట నీళ్ళలో నజారియో సౌరో అనే నిజం సబ్‌మెరైన్ ఉంది, తలకి హెల్మెట్ పెట్టి లోపలికి పంపిస్తారు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు దిగకపోవడమే మంచిది.

ఐదు దాటాక బొకాదాస్సె. బ్రిన్యోలే వైపు నుంచి బస్సులో వెళ్ళి కోర్సో ఇటాలియా మొదట్లో దిగితే, సముద్రం పక్కనే రెండున్నర కిలోమీటర్ల చదును నడక, మెట్లు లేవు. చివర్లో రంగురంగుల ఇళ్ళ మధ్య పాత జాలరి పల్లె, ఇసుక కాదు, గులకరాళ్ళ ఒడ్డు, కాబట్టి చెప్పులు ఉంచుకునే దిగండి. ఐస్‌క్రీం కొనుక్కుని రాళ్ళ మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే మాత్రం వాతావరణ హెచ్చరికలు చూసుకోండి, ఈ కొండల మీద వాన పడితే కుండపోతే, వరదలు కూడా వచ్చాయి.

రాత్రి మిలాన్ తిరిగెళ్ళేవాళ్ళు ప్రిన్చిపె దాకా మళ్ళీ రానక్కర్లేదు. మీ రైలు బ్రిన్యోలేలో కూడా ఆగుతుందేమో ముందే చూసుకుంటే బొకాదాస్సె నుంచి అదే దగ్గర. అన్నట్టు ఈ ఊళ్ళో ఐఐటీ కూడా ఉంది, ఇటలీవాళ్ళ జాతీయ సాంకేతిక సంస్థకి పొట్టిపేరు అదే, ప్రధాన కార్యాలయం ఇక్కడే. జెనోవా ఐఐటీలో ఉన్నాం అని ఇంటికి మెసేజ్ పెట్టి ఎవరేమంటారో రైల్లో చూసుకుంటూ వెళ్ళొచ్చు.