షాంఘైలో నడిచేటప్పుడు రోడ్డు పేరే దిక్సూచి

షాంఘైలో కాలినడకన తిరగాలనుకునేవాళ్లకి ఒక చిన్న కిటుకు. నది ఒడ్డున బండ్ అనే వీధి ఉంది, దానికి పడమర వైపున్న పాత వీధుల్లో ఊళ్ల పేర్లున్న రోడ్లు చాలావరకు తూర్పు పడమరలుగా పోతాయి: నాంజింగ్ రోడ్, బీజింగ్ రోడ్, ఫుజౌ రోడ్. రాష్ట్రాల పేర్లున్నవి, అంటే సిచువాన్, హెనాన్, జెజియాంగ్ లాంటివి, ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. నది ఎలాగూ తూర్పునే. ఇది గుర్తుంటే ప్రతి మలుపులో ఫోన్ తీయక్కర్లేదు.

గూగుల్ మ్యాప్స్ మీద ఆశ పెట్టుకోకండి. అక్కడి నెట్‌లో మామూలుగా తెరుచుకోదు. దాని బదులు ఆమ్యాప్ అనే చైనా మ్యాప్ యాప్ వేసుకోండి. డబ్బు కట్టడానికి వాడే అలీపే యాప్‌లో మీ బ్యాంకు కార్డు మాత్రం ఇంటి దగ్గరే కలిపి పెట్టుకోండి.

ఇక రోడ్డు దాటడం. పచ్చ బొమ్మ పడింది కదా అని దిగిపోకండి, ఎర్రలైటు ఉన్నా కార్లు కుడివైపు తిరగొచ్చు. బళ్లన్నీ రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి కాబట్టి ముందు ఎడమకి చూడాలి. ఎలక్ట్రిక్ స్కూటర్లయితే చప్పుడే చేయవు. హారన్ విని పక్కకి తప్పుకునే మన అలవాటు అక్కడ పనికిరాదు. నేను రెండుసార్లు ఉలిక్కిపడి ఫుట్‌పాత్ మీదికి గెంతాను, రెండోసారి చేతిలో టీ కూడా ఒలికింది.